బొమ్మను వేళ్లతో చదవాలంటే: ఏ పరికరం ఎవరికి?

చూపు లేని విద్యార్థికి కంప్యూటర్‌లో అక్షరం చదవడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతోంది, తెలుగు కూడా చదివి వినిపిస్తుంది. చిక్కంతా పాఠంలో బొమ్మ వచ్చినప్పుడే. స్క్రీన్ రీడర్ "గ్రాఫిక్" అని ఒక్క మాట అనేసి ముందుకు వెళ్లిపోతుంది. అక్కడ గుండె నిలువుకోత ఉందో, వృత్తానికి గీసిన స్పర్శరేఖ ఉందో, జిల్లాల మ్యాపు ఉందో వినేవారికి తెలియదు. పక్కన ఎవరైనా కూర్చుని వివరిస్తే కొంత అందుతుంది గానీ, "ఈ గీత ఇలా పైకి వెళ్లి అలా దిగుతుంది" అన్న వివరణ విని ఆ గ్రాఫును మళ్లీ గీయమంటే చూపున్నవాళ్లం కూడా తడబడతాం.

ఇది చిన్న విషయం కాదు. పదో తరగతి తర్వాత సైన్స్ చదువుతానన్న శ్రీకాంత్ బొల్లాకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పట్లో వచ్చిన అభ్యంతరం ఇదే: రేఖాచిత్రాలు, గ్రాఫులు ఉంటాయి కాబట్టి చూపు లేనివాళ్లకు కుదరదని. ఆయన కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు, తర్వాత అమెరికాలో ఎంఐటీలో చదివారు. ఆ అభ్యంతరానికి సరైన జవాబు బొమ్మను పిల్లల చేతికి అందించడం. అందించే దారులు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో తెలియక స్కూళ్లు, తల్లిదండ్రులు, ఉద్యోగులు తికమకపడుతున్నారు. కొన్నిచోట్ల లక్షలు పెట్టి కొన్న యంత్రం అట్టపెట్టెలోనే ఉండిపోతోంది.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ధరతో మొదలుపెట్టకండి, కంపెనీ పేరుతో అసలే వద్దు. ముందు రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. మీకు కావలసిన బొమ్మ మారుతూ ఉంటుందా, లేక ఒకసారి తయారైతే ఏళ్ల తరబడి అదే సరిపోతుందా? ఆ బొమ్మను వేలికి అర్థమయ్యేలా ఎవరు తయారుచేస్తారు? ఈ రెండో ప్రశ్నను దాదాపు ఎవరూ వేసుకోరు. పరికరం మూలపడటానికి నాకు కనిపించే ముఖ్య కారణం అదే.

వేలు ఎలా చదువుతుందో ముందు తెలియాలి

కన్ను బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా పట్టుకుని తర్వాత వివరాల్లోకి దిగుతుంది. వేలికి అలా కుదరదు. వేలికొన కింద ఒక సెంటీమీటరు మేర ఏముందో అదే తెలుస్తుంది. ముక్క ముక్కగా తడుముతూ, మొత్తం రూపాన్ని మనసులో కట్టుకోవాలి. వేలికొన ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే సన్నని తేడాలను పెద్దగా గుర్తుపట్టలేదు. రెండు గీతలు మరీ దగ్గరగా ఉంటే అవి ఒకే మందపాటి గీతలా తగులుతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గీతకీ గీతకీ మధ్య కనీసం మూడు మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు.

దీనికి తోడు అక్షరాల గోల. భారతీయ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో "కిరణజన్య సంయోగక్రియ" అని రాస్తే ఇరవై గళ్ల (చుక్కల గుంపుల) దాకా పడుతుంది. గడికి ఆరు మిల్లీమీటర్లు వేసుకున్నా పదకొండు సెంటీమీటర్లు దాటుతుంది, అంటే ఏ4 కాగితం వెడల్పులో సగానికి పైనే. ఆకు బొమ్మ పక్కన ఇలాంటి పేర్లు నాలుగు పెడితే బొమ్మకు చోటే ఉండదు. బొమ్మలో ఒక్కో అక్షరం గుర్తుగా పెట్టి, పూర్తి పేర్లు వేరే కాగితం మీద ఇవ్వాల్సిందే. అచ్చు పుస్తకంలోని బొమ్మను స్కాన్ చేసి యంత్రంలో వేస్తే గీతల ముద్ద వస్తుంది తప్ప పాఠం రాదు. ఏ పరికరం కొన్నా ఈ పని తప్పదు.

కాగితం దారి

స్వెల్ పేపర్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎక్కువమందికి ఇదే సరిపోతుందని నా నమ్మకం కాబట్టి. ఈ కాగితం పై పూతలో కంటికి ఆనని చిన్న గుళికలు ఉంటాయి. ప్రింటర్‌తోనో, జిరాక్స్ మెషిన్‌తోనో దాని మీద నల్ల గీతల బొమ్మ వేసి, ఫ్యూజర్ అనే వేడి యంత్రంలోంచి పంపిస్తారు. నలుపు వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది, దాని కిందనున్న గుళికలు ఉబ్బుతాయి, గీత పైకి లేస్తుంది. తెల్లగా ఉన్న చోటు అలాగే ఉండిపోతుంది. ఫ్యూజర్‌లో పని క్షణాల్లో అయిపోతుంది. పియాఫ్, జై-ఫ్యూజ్ లాంటివి ఇందులో పేరున్న యంత్రాలు.

దీని గొప్పతనం గీత నునుపులో ఉంది. వంపు వంపులాగే తగులుతుంది. టీచర్ తరగతికి అరగంట ముందు నల్ల మార్కర్‌తో గీసి కూడా తయారుచేసుకోవచ్చు. ఇంకో లాభం, చాలా రంగులు నలుపులా ఉబ్బవు. కాబట్టి అదే కాగితం మీద చూపున్న పిల్లలకు రంగులు, పేర్లు అచ్చువేసి ఇద్దరి చేతా ఒకే బొమ్మ చదివించవచ్చు. మామూలు బడిలో అందరితో కలిసి చదివే పిల్లకు ఇది ఎంతో మేలు.

లోపాలూ ఉన్నాయి. ఎత్తు ఇంచుమించు ఒక్కటే, కొండ ఎక్కువ ఎత్తు, గుట్ట తక్కువ ఎత్తు అని చూపించడం కష్టం. పెద్ద చోటును మొత్తం నల్లగా నింపితే అదంతా ఉబ్బి పక్క గీతలను మింగేస్తుంది. కొన్ని లేజర్ ప్రింటర్ల వేడికి కాగితం లోపలే ఉబ్బడం మొదలవుతుంది, అందుకని ముందు ఒక్క షీటుతో పరీక్షించి చూసుకోవాలి. ఫ్యూజర్ ధర వెయ్యి డాలర్లు దాటుతుంది, షీటు ఒక్కోటి డాలరు పైనే. ఒక కుటుంబానికి ఇది బరువు, వందమంది పిల్లలున్న బడికి కాదు.

కాగితం మీద ఉబ్బెత్తు చుక్కలు పొడిచే బ్రెయిలీ ఎంబాసర్ ఇప్పటికే ఉన్న బడులు ముందు దానితోనే బొమ్మలు వేసి చూడాలి. మామూలు ఎంబాసర్ చుక్కలు దూరంగా పడతాయి. పెట్టెలు, బార్ చార్టులు, సరళరేఖలు బాగానే వస్తాయి, వంపులు మాత్రం మెట్లు మెట్లుగా ఉంటాయి. బొమ్మల కోసమే తయారైనవి వ్యూప్లస్ కంపెనీ టైగర్ ఎంబాసర్లు. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర ప్రొఫెసర్ జాన్ గార్డ్‌నర్ 1988లో చూపు కోల్పోయారు. తన రంగంలోని గ్రాఫులు తాను చదువుకోవాలన్న అవసరంలోంచి ఆ సాంకేతికత పుట్టింది. అంగుళానికి 20 చుక్కలు వేస్తాయి, చుక్కల ఎత్తు కూడా మార్చగలవు. ముదురు రంగుకు ఎత్తు చుక్క, లేత రంగుకు పొట్టి చుక్క అన్నమాట. వర్డ్, ఎక్సెల్‌లోంచి నేరుగా పంపవచ్చు. సంస్థలు కొనదగ్గ యంత్రం ఇది, ఇంటికి కాదు.

ఒకే బొమ్మ వందల ప్రతులు కావాలంటే థర్మోఫార్మ్. అచ్చు ఒకటి చేసి, దాని మీద ప్లాస్టిక్ షీటును వేడిచేసి, గాలి లాగేసి అచ్చు రూపం దిగేలా చేస్తారు. రకరకాల ఎత్తులు వస్తాయి, ఏళ్ల తరబడి అరగవు. ఐఐటీ ఢిల్లీ నుంచి పుట్టిన రెయిజ్డ్ లైన్స్ ఫౌండేషన్ 3డీ ప్రింటింగ్‌తో అచ్చులు చేసి, ఈ పద్ధతిలో పాఠ్యపుస్తకాల బొమ్మలు తక్కువ ఖర్చుతో తయారుచేస్తోంది. మీకు కావలసింది సీబీఎస్ఈ సైన్స్, లెక్కల బొమ్మలైతే యంత్రం కొనే ముందు అక్కడ తయారుగా ఉన్నవి ఏమిటో కనుక్కోండి. ఒక్క ఇబ్బంది: మన ఎండాకాలంలో చెమట పట్టిన వేలు ప్లాస్టిక్ మీద సాఫీగా జరగదు. చేతికి కొంచెం పౌడర్ రాసుకుంటే సరిపోతుంది.

లేచి దిగే పిన్నులు

ఇప్పుడు అందరూ అడిగేది వీటి గురించే. పలక మీద వేల పిన్నులు ఉంటాయి. కంప్యూటర్ చెప్పిన పిన్నులు లేస్తాయి, మిగతావి కిందే ఉంటాయి. బొమ్మ మారితే పిన్నులూ మారతాయి.

ఆలోచన పాతదే. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ లిన్‌విల్ చూపు లేని తన కూతురి కోసం మొదలుపెట్టిన ఆప్టకాన్ 1971లో మార్కెట్‌లోకి వచ్చింది. ఒక చేత్తో చిన్న కెమెరాను అచ్చు అక్షరం మీద నడిపిస్తే, రెండో చేతి వేలి కింద 144 పిన్నులు ఆ అక్షరం ఆకారంలో కంపించేవి. దాన్ని ప్రాణంగా వాడుకున్నవాళ్లు ఎందరో. 1996లో తయారీ ఆగిపోయింది, ఆ తర్వాత చెడిపోయినవాటికి విడిభాగాలు దొరకక జనం అల్లాడారు. పిన్నుల పరికరం కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్వెల్ పేపర్ మీద వేసిన బొమ్మకు కంపెనీ మూతపడినా ఏమీ కాదు.

ఈ పరికరాలు ఇంత ఖరీదు కావడానికి కారణం లెక్కలోనే ఉంది. పాత బ్రెయిలీ డిస్‌ప్లేలలో ప్రతి చుక్కకూ విద్యుత్తు ఇస్తే వంగే సిరామిక్ పట్టీ ఒకటి ఉండాలి. ఒక వరుస అక్షరాలకు కొన్ని వందల పట్టీలు చాలు. బొమ్మకు వేలకొద్దీ పట్టీలు కావాలి. జర్మనీలో హైపర్‌బ్రెయిలీ ప్రాజెక్టులో చేసిన పలకలో 7,200 పిన్నులు ఉన్నాయి. అది పరిశోధనశాలలు కొనగలిగిన వస్తువుగానే మిగిలింది. దక్షిణ కొరియాకు చెందిన డాట్ కంపెనీ సిరామిక్ బదులు చిన్న విద్యుదయస్కాంతాలతో పిన్నులు లేపే పద్ధతి తెచ్చాక ధరలు కొంత దిగాయి. అయినా లక్షల రూపాయల్లోనే ఉన్నాయి.

ప్రస్తుతం మనం పోల్చి చూడాల్సినవి మూడు.

డాట్ ప్యాడ్‌లో బొమ్మ కోసం 300 గళ్లు, గడికి ఎనిమిది చొప్పున 2,400 పిన్నులు. కింద అక్షరాల కోసం 20 గళ్ల వరుస. ఇది సొంతంగా పనిచేసే కంప్యూటర్ కాదు, ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో జోడించాలి. ఐఫోన్, ఐప్యాడ్‌లలోని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌తో కలిసి పనిచేస్తుంది. ఇప్పటికే ఆ పరికరాలకు అలవాటుపడ్డవారికి తేలిక.

ఆర్బిట్ రీసెర్చ్ వారి గ్రాఫిటీలోనూ పిన్నులు 2,400, అడ్డంగా 60, నిలువుగా 40. కానీ దీనికి రెండు ప్రత్యేకతలున్నాయి. ప్రతి పిన్నూ వేర్వేరు ఎత్తుల్లో నిలబడగలదు. కాబట్టి భూగోళ పటంలో కొండల ఎత్తు, బొమ్మలో రంగుల ముదురు, లేత తేడా వేలికి తెలుస్తాయి. ఇంకోటి, దాన్ని హెచ్‌డీఎంఐ తీగతో మానిటర్‌లాగే కంప్యూటర్‌కు తగిలించవచ్చు. వేలితో దాని మీద గీస్తే పిన్నులు లేస్తాయి కూడా. మూడింటిలో సైన్స్, భూగోళం నేర్పేవారికి నేను దీన్నే సూచిస్తాను, కొనగలిగితే.

మోనార్క్ అమెరికాలోని ఏపీహెచ్ (అమెరికన్ ప్రింటింగ్ హౌస్ ఫర్ ది బ్లైండ్), హ్యూమన్‌వేర్ కంపెనీ, నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ కలిసి తెచ్చినది. డాట్ కంపెనీ పిన్నుల సాంకేతికతే ఇందులోనూ ఉంది. అడ్డంగా 96, నిలువుగా 40, మొత్తం 3,840 పిన్నులు. బ్రెయిలీలో అయితే 32 గళ్ల వరుసలు పది. పిన్నులు లేవడం, దిగడం తప్ప మధ్య ఎత్తులు లేవు. దీని బలం వేరే చోట ఉంది. ఇది సొంతంగా పనిచేసే పరికరం: బ్రెయిలీ కీబోర్డు ఉంది, పుస్తకం చదవచ్చు, లెక్క చేయవచ్చు, సమీకరణం టైపు చేసి గ్రాఫును అక్కడే తడమవచ్చు. పాఠం, బొమ్మ ఒకే చోట ఉంటాయి. ధర పదివేల డాలర్లు దాటుతుంది. బ్రెయిలీ బాగా వచ్చిన కాలేజీ విద్యార్థికి మూడింటిలో ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అంచనా.

అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటి చెప్తాను. పిన్నుల మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. 60 అడ్డం, 40 నిలువు పలక మీద వై ఈక్వల్స్ ఎక్స్ స్క్వేర్ గ్రాఫును మైనస్ 5 నుంచి 5 వరకు వేసి చూడండి. అడుగున ఆరేడు పిన్నులు ఒకే వరుసలో పడతాయి. దాన్ని తడిమిన విద్యార్థి ఆ పరావలయం అడుగు చదునుగా ఉందనుకుంటాడు. దాన్ని జూమ్ చేసి మళ్లీ తడిమితేనే అసలు ఆకారం తెలుస్తుంది. స్వెల్ పేపర్ మీద ఈ సమస్యే రాదు. అయితే కాగితం మీద ఎక్స్ స్క్వేర్‌ను రెండింతలు చేస్తే ఏమవుతుందో చూడాలంటే ఇంకో కాగితం కావాలి. పిన్నుల పలక మీద సంఖ్య మార్చితే కొన్ని క్షణాల్లో కొత్త వంపు వేలి కిందకు వస్తుంది. ప్రశ్న వేసి చూసే స్వేచ్ఛ అది. చూపున్న విద్యార్థి రోజూ అనుభవించే ఆ స్వేచ్ఛ కోసమే ఈ పరికరాలకు ఇంత విలువ. అలా మార్చి మార్చి చూసే అవసరం మీకు లేకపోతే ఆ డబ్బు పెట్టకండి.

మాట్లాడే బొమ్మలు

ఉబ్బెత్తు బొమ్మను ఒక టచ్ పలక మీద పెడితే, వేలు నొక్కిన చోట ఏముందో గొంతు చెప్పే పద్ధతి ఇంకొకటి. టచ్ గ్రాఫిక్స్ సంస్థ టాకింగ్ టాక్టైల్ టాబ్లెట్, వ్యూప్లస్ వారి ఐవియో ఈ కోవలోవి. బ్రెయిలీ అక్షరాల గోల తప్పుతుంది, బొమ్మకు చోటు మిగులుతుంది. పెద్దయ్యాక చూపు పోయి బ్రెయిలీ నేర్చుకోనివారికి ఇది మంచి దారి. కొనేముందు తెలుగు గొంతు పెట్టుకోవచ్చా, మీ మాటలు రికార్డు చేసి ఎక్కించవచ్చా అని తప్పక అడగండి.

ఇక్కడే ఒక ముఖ్యమైన జాగ్రత్త. షుగర్ వల్ల చూపు పోయినవారిలో కొందరికి వేళ్ల కొసల్లో స్పర్శ కూడా తగ్గి ఉంటుంది. అలాంటివారికి సన్నని చుక్కలు తెలియవు. మందమైన గీత, పెద్ద ఆకారం, పక్కన మాట, ఈ మూడూ కావాలి. ఏది కొన్నా ముందు వాళ్ల వేళ్లతో పరీక్షించాలి.

ఇప్పుడే కొనవద్దనిపించేవి

వేలికి ఎదురు బలం ఇచ్చే పరికరాలు చాలాకాలంగా ఉన్నాయి. ఎంఐటీలో 1990ల్లో పుట్టిన ఫాంటమ్, 2007లో తక్కువ ధరకు ఆటల కోసం వచ్చిన నోవింట్ ఫాల్కన్ అలాంటివి. పట్టుకున్న పిడి కంప్యూటర్‌లోని వస్తువును తాకగానే ఆగుతుంది, ఉపరితలం వెంట జారుతుంది. ఘనాకారాలకు బాగుంటుంది. కానీ ఒకసారికి ఒక్క బిందువే తగులుతుంది, చీకటి గదిలో కర్ర కొసతో సామాను తడిమినట్టు. పటమో, గ్రాఫో ఇలా నేర్చుకోవడం చాలా నెమ్మది. ఫాల్కన్ ఇప్పుడు తయారుకావడం లేదు కూడా.

గాజు తెర మీద విద్యుత్తుతో గరుకుదనం పుట్టించే పద్ధతిని డిస్నీ పరిశోధకులు 2010లో టెస్లాటచ్ పేరుతో చూపించారు. వేలు కదులుతున్నప్పుడే ఆ గరుకు తెలుస్తుంది, ఆగితే పోతుంది. గీత అంచు పట్టుకుని నడవడం కష్టం. ఫోన్ వైబ్రేషన్‌తో గీతలు చూపించే యాప్‌లదీ అదే ఇబ్బంది. పరిశోధనగా ఆసక్తికరమే, పరీక్షకు చదువుకునే పిల్లకు ఇవ్వదగ్గవి కావు.

వీటికంటే ఉచితంగా దొరికే శబ్దం మేలు. డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో వంపు పైకి వెళ్తే స్వరం పెరుగుతుంది, కిందికి దిగితే తగ్గుతుంది. స్క్రీన్ రీడర్‌తో చక్కగా పనిచేస్తుంది. స్పర్శకు బదులుగా కాదు, తోడుగా వాడుకోండి.

ఎవరికి ఏది

చిన్న తరగతుల పిల్లలకు యంత్రాల మాట వద్దు. ముందు రబ్బరు షీటు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ పరిచి, పెన్నుతో గీస్తే గీత లేచే డ్రాయింగ్ కిట్ ఇవ్వండి. తను గీసిన గీతను తానే తడిమిన పిల్ల మరొకరు గీసిన బొమ్మను త్వరగా అర్థం చేసుకుంటుంది. దారాలు, గింజలు, అట్టముక్కలు అంటించిన బొమ్మలు కూడా చక్కగా పనికొస్తాయి. ఈ మెట్టు ఎక్కకుండా పెద్దయ్యాక పిన్నుల పలక ముందు కూర్చోబెడితే వేళ్లకు ఏమీ అందదు.

ఆరు నుంచి పది వరకు చదివే పిల్లలున్న బడికి స్వెల్ పేపర్, ఫ్యూజర్. ఒక్కో బడి కొనలేకపోతే మండలానికో, జిల్లా రిసోర్స్ సెంటర్‌కో ఒకటి చాలు. దానికంటే ముఖ్యంగా, బొమ్మలు సరళంగా మళ్లీ గీయడం వచ్చిన ఒక మనిషిని తయారుచేయండి. యంత్రానికి పెట్టే డబ్బులో కొంత ఆ శిక్షణకు పెట్టాలని నేను గట్టిగా చెప్తాను. ఒకరు గీసిన ఫైలును అందరూ వాడుకోవచ్చు. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల బొమ్మలు ఒకసారి సరిగ్గా తయారైతే ప్రతి జిల్లాలోనూ అచ్చు వేసుకోవచ్చు.

ఇంటర్, డిగ్రీలో లెక్కలు, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ తీసుకున్నవారికి స్వెల్ పేపర్‌తో పాటు డెస్మోస్. కాలేజీ లైబ్రరీలో పంచుకునేలా ఒక పిన్నుల పలక ఉంటే చాలా మంచిది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసేవారికి లెక్క వేరు. రోజూ కొత్త చార్టు, కొత్త స్క్రీన్ లేఅవుట్ వస్తాయి, కాగితం అచ్చువేసేలోపు మీటింగ్ అయిపోతుంది. వాళ్లకు పిన్నుల పలక పని సామగ్రి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి, ఆ ప్రాతిపదికన కంపెనీనే అడగాలి. సొంత జీతంలోంచి కొనడం ఆఖరి మాటగా పెట్టుకోండి. తక్కువ ఆదాయమున్న కుటుంబాలు కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకంలో ఏయే పరికరాలు వస్తాయో ముందు విచారించుకోవాలి.

డెమోకు వెళ్లేటప్పుడు మీ సొంత బొమ్మలు మూడు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి: ఒక గ్రాఫు, ఒక మ్యాపు, ఒక జీవశాస్త్రం బొమ్మ. అమ్మేవాళ్లు తెచ్చిన ఏనుగు బొమ్మ, నక్షత్రం బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటాయి. పరికరం వాడబోయే వ్యక్తే తడమాలి, వాళ్ల చెయ్యి పట్టుకుని ఎవరూ నడిపించకూడదు. తడిమాక ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పమనండి, వీలైతే డ్రాయింగ్ కిట్ మీద గీయమనండి. ఎన్‌వీడీఏతో జోడించి చూపించమనండి. చివరగా పిన్ను ఇరుక్కుపోతే ఎవరు బాగుచేస్తారు, పరికరాన్ని విదేశానికి పంపాలా, పంపితే ఎన్నాళ్లు పడుతుంది, ఆ ఖర్చు ఎవరిది అని అడిగి జవాబును కాగితం మీద రాయించుకోండి. జిడ్డు, దుమ్ము పిన్నులకు శత్రువులు కాబట్టి ఆ రిపేరు ప్రశ్న మీకు కచ్చితంగా అవసరమవుతుంది.